పుర్ర చుట్ట

కంపెనీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి చరిత్ర పుస్తకం ఒకటి వేయాలనుకున్నారు. యాభై ఏళ్ళు బతికిన మనిషిని నీకు చరిత్ర ఉందా అని ఎవరూ అడగరు. కంపెనీకి మాత్రం ఉండి తీరాలి, లేకపోతే రాయించుకుంటుంది. ఆ పని మీద ఒక అమ్మాయి వచ్చి, చేతిలో రికార్డరు, సంచిలో మూడు నోటుపుస్తకాలు పెట్టుకుని, చెక్క కోసే షెడ్డు నుంచి రంగులు వేసే గది దాకా నెల రోజులు తిరిగింది. పనివాళ్ళు ఆమెకు 'చరిత్ర' అని పేరు పెట్టారు. "చరిత్ర వస్తోంది, చొక్కా సర్దుకోరా" అనుకునేవాళ్ళు.

ఆ నెలంతా ఆమెకు దొరక్కుండా తప్పించుకు తిరిగినవాడు ఒక్క దిక్సూచే.

అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నలభై రెండేళ్ళ కిందట పనిలో చేరిన రోజు చేతిలో పెట్టిన పనిముట్టు పేరే మనిషికి అంటుకుపోయింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. అతని పని అయస్కాంతాలను పరీక్షించడం. ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద రెండు చోట్ల, అగ్గిపెట్టెకన్నా కాస్త పొడుగైన చట్రాలుంటాయి. ఒక్కో చట్రంలో ఆరు అయస్కాంతపు ముక్కలు నిలబెట్టి, వాటి చుట్టూ తలవెంట్రుకకన్నా సన్నని రాగితీగను వేల చుట్లు చుడతారు. పైన తీగ మీటితే కింద కరెంటు పుడుతుంది, అదే స్పీకర్లోకి వెళ్ళి పాటవుతుంది. దాన్ని ఆ ఫ్యాక్టరీలో 'చుట్ట' అనే అంటారు. చుట్టలు చుట్టే గది ఎటు అని వినగానే కొత్తగా చేరినవాళ్ళు ఇది గిటార్ల కంపెనీయా పొగాకు కంపెనీయా అని నవ్వడం, పాతవాళ్ళు ఆ ముక్క వందోసారి విని విసుక్కోవడం అక్కడ మామూలే.

గురువారం మధ్యాహ్నం అతను అన్నం డబ్బా మూత తీశాడో లేదో, చరిత్ర కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. నోట్లో ముద్ద ఉన్నవాడు ఎక్కడికీ పారిపోలేడని ఆమె ఈ నెలలో నేర్చుకున్నట్టుంది.

"దిక్సూచి గారూ, శనివారం పుస్తకం అచ్చుకి వెళ్ళిపోతుంది. మీరొక్కరే మిగిలారు."

"నాకేం తెలుసమ్మా. సూది ఎటు తిరిగితే అటు తిరిగిందని చెప్పడమే నా పని."

"ఒక్కటే ప్రశ్న. ఈ పుర్రె సంగతేంటి?"

కంపెనీకి పేరు తెచ్చిన గిటార్ తల మీద చిన్న పుర్రె బొమ్మ ఉంటుంది. దాన్ని మోచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న కుర్రకారు ఉన్నారు. ఆ గిటార్ గొప్పతనమల్లా రొద లేకపోవడం. మామూలు గిటార్ని ట్యూబులైటు దగ్గరికి తీసుకెళితే తేనెతుట్టెను కదిపినట్టు గుంయ్‌మంటుంది. ఇది మీటితే పలుకుతుంది, మీటకపోతే నోరు మూసుకుంటుంది. మనుషుల్లో కూడా అరుదైన గుణం.

"పెద్దాయన కలలో పుర్రె కనబడిందని పాలిష్ వాళ్ళు చెప్పారు. షెడ్డుకి పునాది తవ్వుతుంటే దొరికిందని వాచ్‌మన్ చెప్పాడు. ప్యాకింగులో ఒకాయనైతే ఆ పుర్రె ఎవరిదో కూడా చెప్పాడు" అంది చరిత్ర.

అతనికి నవ్వు ఆగలేదు. ఆ నవ్వులో ఒళ్ళు తెలియలేదు.

"నీ మొహం, పుర్రె ఏంటమ్మా! పుర్ర. పుర్రచెయ్యి అంటామే, ఎడమచెయ్యి, ఆ పుర్ర. ఎడంవైపుకి చుట్టింది కాబట్టి పుర్ర చుట్ట."

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం. చరిత్ర రికార్డరు తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవరి పుర్రచెయ్యి?"

డబ్బా మూత పెట్టేశాడు. నలభై ఏళ్ళుగా ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాడు. తీరా ఎవరో అడిగేసరికి, ఎందుకో గానీ, అబద్ధం ఆడే ఓపిక లేదనిపించింది.

"మా వదినది" అన్నాడు.

కంపెనీ మొదలైంది రేడియోలు బాగుచేసే కొట్టు వెనక గదిలో. అందరూ పెద్దాయన అనే ఆ రేడియో మెకానిక్కు, పాత తలుపు చెక్కను కోసి తొలి గిటార్ చేశాడు. బందులు ఊడదీసిన గుంటలు దాని వీపు మీద కనబడుతూనే ఉండేవి. సైకిళ్ళకు వేసే ఎర్ర రంగు పూసి, ఒక పెళ్ళి బ్యాండువాడికి అంటగట్టాడు. అది విరగకుండా ఏడాది ఉండేసరికి ఇంకొకటి చేశాడు. ఎనిమిదేళ్ళు తిరిగేసరికి సొంత షెడ్డు, ముప్పై మంది పనివాళ్ళు. చుట్టలు చుట్టే బల్ల దగ్గర ఆరుగురు ఆడవాళ్ళు. ఆ ఆరుగురిలో వదిన ఒకతె.

అన్నయ్య ఎప్పుడూ లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. ఇల్లు నడిపింది వదినే. పని లేక అరుగుల మీద కూర్చునే మరిదిని చూసి చూసి, పెద్దాయన్ని వారం రోజులు బతిమాలి ఉద్యోగం ఇప్పించింది. అతను ఆమె ఇంట్లో ఉంటూ, ఆమె వండింది తింటూ, ఆమె వెనకే నడిచి ఫ్యాక్టరీకి వెళ్ళేవాడు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆ బల్ల దగ్గర వదిన పద్ధతే వేరు. చుట్టే మిషన్లకు పిడి కుడివైపు ఉండేది. వదిన పుర్రచేతివాటం మనిషి. చేరిన రోజే తన మిషన్‌ను మొత్తంగా ఇటు నుంచి అటు తిప్పి, పిడి ఎడమవైపుకి వచ్చేలా పెట్టుకుంది. అయస్కాంతాల పళ్ళేన్ని కూడా కుడి నుంచి ఎడమకు మార్చుకుంది. పళ్ళెంలో ఒకే వైపుగా పేర్చిన ముక్కల్ని మిగతా ఐదుగురూ కుడిచేత్తో తీసి ఒక కొస కిందకి దూరిస్తే, ఈమె ఎడమచేత్తో తీసినప్పుడు రెండో కొస కిందకి వెళ్ళేది. ఆ ముక్కలకు గుర్తేమీ ఉండదు, రెండు కొసలూ ఒక్కలాగే కనబడతాయి. అలా ఆమె చేసిన చుట్టలో తీగా తిరగబడింది, అయస్కాంతమూ తిరగబడింది. ఆరునెలలపాటు ఎవరికీ తెలియలేదు. ఆమె చుట్టలు మిగతావాళ్ళ చుట్టలతో కలిసి గిటార్లలోకి వెళ్ళిపోయాయి. ఆమె చుట్టినంత బిగువుగా, సాఫీగా ఆ బల్ల దగ్గర ఇంకెవరూ చుట్టలేరని మాత్రం అందరికీ తెలుసు.

అప్పుడు మన దిక్సూచి చేరాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. తనకు అప్పగించని చుట్టలకు కూడా సూది పెట్టి చూశాడు. మూడో వారంలో ఒక పెట్టె దగ్గర సూది గిర్రున వెనక్కి తిరిగింది. పెట్టె మీద వదిన గుర్తు ఉంది. అరవై చుట్టలు, అరవైకి అరవై తలకిందులు.

ఇంటికెళ్ళి అన్నం తింటూ చెప్పి ఉంటే పోయేది. వదినా, పళ్ళెం ఇటు పెట్టుకో అంటే మర్నాటి నుంచి పెట్టుకునేది. కానీ వదినను వెనకేసుకొచ్చాడని ఎవరైనా అంటారేమోనన్న భయం ఒకటి, మూడు వారాలకే తప్పు పట్టానన్న గొప్ప ఒకటి. రెండూ కలిసి అతన్ని నేరుగా పెద్దాయన గదికి నడిపించాయి. తనిఖీ పుస్తకంలో సొంత చేత్తో రాశాడు: 'అరవై చుట్టలు తిరగబడినవి. కారణం, పుర్రచేతివాటం.'

పెద్దాయన చెడ్డవాడేం కాదు. కుడిచేత్తో చుట్టడం నేర్చుకోమన్నాడు, పది రోజులు గడువు ఇచ్చాడు. వదిన కుడిచేత్తో పట్టుకుంటే తీగ తెగేది. వెంట్రుకలాంటి తీగ, కొంచెం బిగిస్తే చాలు టప్పున తెగుతుంది. పదో రోజున పనిలో కట్టుకునే పై గుడ్డ మడతపెట్టి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మరిదికి అన్నం పెడుతూ ఒకే మాట అంది: "నీ తప్పేం లేదులే. నా చెయ్యే మంచిది కాదు." అతను తలొంచుకుని తిన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో అంతకుముందు అతనికి సామెతగానే తెలుసు.

ఏడు నెలలు గడిచాక ఉత్తరాలు రావడం మొదలైంది. పోయినేడాది మేము కొన్న గిటార్‌లో అసలు రొద లేదు, అలాంటిదే ఇంకొకటి కావాలి అని ఒకరు, మా స్నేహితుడి దగ్గరుంది, నాది మాత్రం గోల పెడుతోంది, ఎందుకని ఇంకొకరు. పెద్దాయన అలాంటి గిటార్ ఒకటి తెప్పించి విప్పాడు. పక్కన దిక్సూచి ఉన్నాడు. సూది ఒక చుట్ట దగ్గర ముందుకి, రెండో చుట్ట దగ్గర వెనక్కి తిరిగింది.

చుట్టలు రెండూ ఒకే వైపు తిరిగితే లైట్లలోంచి, ఫ్యాన్లలోంచి వచ్చే రొదను రెండూ కలిసి పెంచుతాయి. ఒకటి అటూ ఒకటి ఇటూ తిరిగితే ఒకదాని రొదను ఒకటి మింగేస్తాయి. అయస్కాంతం కూడా తిరగబడింది కాబట్టి తీగ పాట మాత్రం మింగుడుపడక నిలుస్తుంది. వదిన చుట్ట ఒకటి, ఇంకెవరిదో ఒకటి జతపడిన ప్రతి గిటారూ నిశ్శబ్దంగా ఉంది.

పెద్దాయన గిటార్ మూత తిరిగి బిగించి, "రేపటి నుంచి ప్రతి గిటార్‌లో ఒకటి పుర్ర చుట్ట వెయ్యండి" అన్నాడు.

"వదినను పిలుచుకురమ్మంటారా?"

"ఇప్పుడు పిలిస్తే మనదే తప్పని ఒప్పుకున్నట్టు కాదూ? మిషన్ తిప్పి పెడితే సరిపోయేదానికి మనిషెందుకు? నువ్వు కూడా ఇంట్లో ఈ మాట ఎత్తకు."

అతను ఎత్తలేదు. రేపు చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకున్నాడు. ఆలస్యమైన కొద్దీ చెప్పాల్సింది ఒకటి కాదు, రెండయ్యాయి: జరిగిందీ, ఇన్నాళ్ళు చెప్పకపోయిందీ. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. అప్పటికి వదిన ఒక దర్జీ కొట్టులో గుండీలు కుట్టే పనికి కుదిరింది, కుడిచేత్తో.

పదేళ్ళ తర్వాత అమ్మకాలు చూసే మేనేజరొకడు వచ్చాడు. కేటలాగు రాస్తూ, పాత పుస్తకాల్లో 'పుర్ర చుట్ట' అన్నచోట ఒక ఎత్వం తగ్గిందనుకుని తనే పెట్టుకుని, ఆహా ఏం పేరు అని మురిసిపోయి బొమ్మ గీయించాడు. పెద్దాయన చూసి కిమ్మనలేదు. దిక్సూచికి గుండెల మీంచి బండ దిగినట్టయింది. వదిన ఇంటి దాకా దారి చూపించే మాట అదొక్కటే ఉండేది, దాని మీద ఒక పుర్రె వచ్చి కూర్చుంది. తర్వాత కీబోర్డులు వచ్చి గిటార్లకు గిరాకీ పడిపోయింది. కంపెనీ మూడేళ్ళు బడిబల్లలు చేసి బతికింది. తిరిగి నిలబెట్టింది ఆ పుర్రె గిటారే. అన్నయ్య పోయాడు, దిక్సూచి భార్య పోయింది, పెద్దాయనా పోయాడు. ఇప్పుడు దిక్సూచిని తిన్నావా అని అడిగే ఇల్లు లోకంలో ఒక్క వదినదే. అందుకే చెప్పలేదు. ఆ ఇంట్లో తన కంచం ఉండదేమోనన్న భయం ముందు ఏ న్యాయమూ నిలబడలేదు.

ఇదంతా విన్నాక చరిత్ర అతన్ని వెంటబెట్టుకుని అమ్మాయిగారి దగ్గరికి తీసుకెళ్ళింది. అమ్మాయిగారంటే పెద్దాయన కూతురు. యాభై దాటి, కళ్ళజోడు మారి, కంపెనీ అంతా తన చేతి మీద నడుస్తున్నా పాతవాళ్ళకు ఇంకా అమ్మాయిగారే.

"నాన్నగారు నిజంగా అలా అన్నారా?" అని అడిగింది.

"అన్నారమ్మా. నేనూ సరేనన్నాను."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తండ్రి గురించి అలాంటి మాట వినడం ఎవరికైనా కష్టమే. కానీ ఆ మనిషిలో ఒక నిక్కచ్చితనం ఉంది.

"రాయండి. కానీ బతికున్న మనిషి సంగతి ఆ మనిషికన్నా ముందు ఊరికి తెలియకూడదు. ఆవిడకు మీరే చెప్పి, సరేనంటే రేపటిలోగా నాకు చెప్పండి. లేదంటే పుర్రె కథే ఉంచేద్దాం."

"ఏ పుర్రె? కలలోదా, పునాదిలోదా?" అంది చరిత్ర. ఎవరూ నవ్వలేదు.

శుక్రవారం సాయంత్రం అతను వదిన ఇంటి మెట్లెక్కాడు. రెండో అంతస్తు. రెండు గదులు, వంటిల్లు, బట్టలారేసిన చిన్న బాల్కనీ. వదిన కూతురు అప్పుడే పని నుంచి వచ్చింది. బట్టల దుకాణంలో గుడ్డ కొలిచి చింపే పని ఆమెది. నలభై నాలుగేళ్ళు. తల్లీ కూతురూ కలిసే ఉంటారు.

"ఏంటి బాబాయ్, ఆదివారం ముందే వచ్చేసిందా?" అంటూ మంచినీళ్ళిచ్చి, ఆరిన బట్టలు తియ్యడానికి బాల్కనీలోకి వెళ్ళింది.

వదిన వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని బంగాళదుంపలకు చెక్కు తీస్తోంది. అతను ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. కుర్చీలో కూర్చుని చెప్పే సంగతి కాదనిపించింది. ఉత్తరాల దగ్గర మొదలుపెట్టి, సూది అటూ ఇటూ తిరగడం, రొద లేకపోవడం, పుర్ర చుట్ట, పుర్రె బొమ్మ, అన్నీ చెప్పాడు. తల ఎత్తకుండా చెప్పాడు.

వదిన కత్తిపీట పక్కకు జరిపింది.

"అయితే నా చుట్ట మంచిదేనా?"

"మంచిదేంటి వదినా! దాని మీదే కంపెనీ నిలబడింది."

డెబ్బై రెండేళ్ళ ఆ ముఖంలోకి అలాంటి నవ్వు రావడం అతను ఎన్నడూ చూడలేదు. ఎడమచెయ్యి పైకెత్తి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఓసి నీ తస్సాదియ్యా" అంది, ఆ చేతినే. "చూశావా, ఎంత పని చేశావో!" అతని కళ్ళు చెమర్చాయి. ఇంత తేలికా, ఇంత మాత్రానికా నలభై ఏళ్ళు దాక్కున్నాను అనుకున్నాడు.

"అది సరే గానీ, నీకెప్పుడు తెలిసింది?" అంది వదిన, ఇంకా నవ్వుతూనే.

"నువ్వు మానేసిన ఏడు నెలలకి."

నవ్వు ఆగింది. ఆమె బాల్కనీ వైపు చూసింది. లోగొంతుకతో అడిగింది.

"అప్పటికి దానికి మూడేళ్ళు కూడా లేవు కదా?"

"లేవు."

"బడిలో వేసినప్పుడు అది బలపం ఏ చేత్తో పట్టుకుంది?"

ఏ చేత్తోనో అతనికి తెలుసు.

"నా పుర్రచెయ్యి నా పని పోగొట్టింది, దీనికి ఆ గతి పట్టకూడదు అనుకున్నాను. తువ్వాలుతో దాని చెయ్యి కుర్చీకి కట్టేసి కుడిచేత్తో రాయించాను. రెండేళ్ళు. ఎంత ఏడ్చేదో! అక్షరాలు వంకరపోయేవి, మాస్టారు మొద్దు అని గోడ పక్కన నిలబెట్టేవాడు. ఆ పేరు మోయలేక ఎనిమిదిలో మానేసింది. ఇవాళ్టికీ కాయితం చూస్తే దానికి చెమటలు పడతాయి." వదిన గొంతు పెంచలేదు. "నేను దర్జీ కొట్టుకి పెందలాడే వెళ్ళిన రోజుల్లో ఆ ముడి ఎవరు వేశారు?"

"నేనే."

"తెలిసే వేశావు."

"తెలిసే వేశాను వదినా."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె మిగిలిన రెండు దుంపలకూ చెక్కు తీసి గిన్నెలో వేసింది.

"ఎన్నిసార్లు అనుకున్నానో, నా బిడ్డ బుర్ర తక్కువదని. కన్నతల్లిని అయ్యుండి నేనే అనుకున్నాను" అంది. "పుస్తకంలో రాసుకోమను, నాకేం అడ్డు లేదు. నా సంగతి పక్కన నీ సంగతి కూడా ఉండాలి, అంతే. కానీ అది పుస్తకం చదివి తెలుసుకుంటుందని ఆశపడకు. చదవదు. ఎందుకు చదవదో ఇప్పుడే చెప్పాను. నాకు చెప్పి నీ భారం దింపుకున్నావు కదా, చెప్పాల్సింది నాకు కాదు."

అతను ఏమీ అనకముందే, "అమ్మాయ్, ఒకసారి ఇటు రా" అని పిలిచింది.

కూతురు చేతుల నిండా బట్టలతో వచ్చింది. "ఏంటమ్మా?"

"అవి అక్కడ పడేసి కూర్చో. మీ బాబాయ్ నీకేదో చెప్పాలట."

ఆమె బట్టలు మంచం మీద వేసి, బాబాయ్ నేల మీద కూర్చోవడం చూసి తనూ ఎదురుగా కూర్చుంది. "రిటైరవుతున్నావా ఏంటి బాబాయ్, మొహం అలా పెట్టావు?" అని నవ్వింది.

వదిన లేచి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు మాత్రం రాలేదు, నిలబడి వింటోంది. రెండు రోజుల్లో మూడోసారి చెబుతున్నాడు కాబట్టి అతనికి మాటలు తెలుసు. రేడియో కొట్టు, తలుపు చెక్క, తిరగబడిన మిషన్, అన్నీ వరసగా నాలుక చివరే ఉన్నాయి. ఒక్కటీ పనికిరాలేదు. ఆ అమ్మాయి ముఖంలోకి చూశాడు. నలభై ఏళ్ళు ఆలస్యంగా చెప్పే సంగతిలో ముందు చెప్పాల్సింది ఏదో అప్పటికి అర్థమైంది.

"నువ్వు మొద్దువి కాదమ్మా" అన్నాడు.